సార్ గొంతుతోనే ఫోన్ వస్తే ఎలా నమ్మాలి?

ప్రశ్న: విశాఖ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. శనివారం మా స్టీలు సప్లయర్ పేరుతో మెయిల్: బ్యాంకు ఖాతా మారింది, 4,80,000 కొత్తదాంట్లో వేయండి అని. పది నిమిషాలకే వాట్సాప్ కాల్, "వెంటనే పంపించెయ్యమ్మా". అచ్చం మా సార్ గొంతే. కానీ సార్ నన్ను పేరుతోనే పిలుస్తారు, అమ్మా అనరు. అక్కడే ఆగాను. చూస్తే మెయిల్ అడ్రసులో 'ఎం' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఉన్నాయి (rn), చూడ్డానికి ఎం (m) లాగే. ఇంకా టెన్షన్‌గానే ఉంది. ఇకపై ఏం చేయాలి?

జవాబు: ఆగడం చాలా మంచి పని అండి. ఖాతా మారిందంటే పాత బిల్లు మీది నంబరుకి మీరే ఫోన్ చేయండి, మెయిల్లోని నంబరుకి వద్దు. వీడియో కాల్ అయినా అంతే. 2024లో బయటపడిన హాంకాంగ్ మోసంలో ఆరప్ సంస్థ ఉద్యోగి, కాల్‌లో కనిపించిన పైఅధికారులు డీప్‌ఫేక్‌లని, అంటే ఏఐతో తయారుచేసిన నకిలీ ముఖాలు, గొంతులని తెలియక సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు.

జవాబు: మీ డొమైన్‌కి (మెయిల్ అడ్రసులో @ తర్వాతి పేరు) డీమార్క్ పెట్టించండి, అంటే మీ అడ్రసుతో వచ్చిన మెయిల్ నిజంగా మీదేనా అని చూసే ఏర్పాటు. మీ పేరుతో దొంగ మెయిళ్ళు తగ్గుతాయి. ఇలాంటి పోలిక అడ్రసుల్ని మాత్రం అది ఆపదు.

జవాబు: డబ్బు వెళ్ళిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు: సార్‌తో మాట్లాడానండి. ఇక లక్ష దాటితే ఇద్దరం ఓకే అనాల్సిందే.