జీపీఎక్స్ ఫైల్ ఫోన్‌లో తెరుచుకోవట్లేదు, పొద్దున్నుంచి ఇదే పని

బోడుప్పల్_బాటసారి
పొద్దున తొమ్మిదికి కూర్చున్నా, ఇప్పుడు నాలుగున్నర. అన్నం కూడా ఫోన్ చేత్తో పట్టుకునే తిన్నా. శ్రీలంకలో తేయాకు కొండల మీదుగా వెళ్లే పెకో ట్రయల్ అనే నడక దారికి వెళ్తున్నాం. దాన్ని స్టేజ్‌లుగా విడగొట్టారు, స్టేజ్‌కొక జీపీఎక్స్ ఫైల్ (మ్యాప్ మీద దారి గీత చూపించేది) ఉంది, డౌన్‌లోడ్ అవుతోంది కానీ తెరుచుకోవట్లేదు. నొక్కితే స్క్రీన్ నిండా అంకెలు, గుర్తులు. నాలుగు యాప్‌లు వేసి తీసేశా. తేయాకు ఎస్టేట్లలో సిగ్నల్ ఉండదంటున్నారు, మ్యాప్ లేకుండా ఎలా నడవాలి? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి. ఇంట్లో నన్ను చూసి నవ్వుతున్నారు.

రూట్‌ఫైల్
ఏ ఫోన్? ఏ యాప్? ఫైల్ పూర్తి పేరేంటి?

డికాషన్
బాబూ, వెళ్లే ముందు ఆ పేరుకి అర్థం తెలుసుకోండి. పెకో అంటే ఊరు కాదు, కొండ కాదు. ఆకు గ్రేడు. లేత చిగురు మీద తెల్లటి నూగు ఉంటుంది చూశారా, చైనా వాళ్ల మాటలో దానికున్న పేరే ఇలా మారింది. ఆరెంజ్ పెకోలో నారింజ తొక్క కూడా ఉండదు, మా బావమరిది ఇప్పటికీ నమ్మడు. అక్కడ తయారయ్యేది ఎక్కువగా ఆర్థొడాక్స్ టీ, ఆకును నలిపి చుట్టి ఆరబెడతారు. మనం ఇక్కడ మరిగించేది సీటీసీ, గుండ్రటి పలుకులు. ఇరానీ హోటల్లో డికాషన్ వేరే, పాలు వేరే కాస్తారు కాబట్టి ఆ పలుకులు పనికొస్తాయి. సిలోన్ (శ్రీలంక) ఆకుని అలా గంటసేపు కాస్తే పాపం తగులుతుంది.

బోడుప్పల్_బాటసారి
సార్, టీ గురించి తర్వాత. @రూట్‌ఫైల్ మామూలు ఆండ్రాయిడ్ ఫోనే. యాప్ అంటే గూగుల్ మ్యాప్స్, అందరికీ ఉండేదే కదా.

రూట్‌ఫైల్
ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్ జీపీఎక్స్ తెరవదు. సిగ్నల్ లేకున్నా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ గానీ ఓస్మ్‌అండ్ గానీ వేసుకోండి. ఫైల్ పేరు చివర ఏముందో ఇంకా చెప్పలేదు.

వికారాబాద్_సండే
మూడు వందల కిలోమీటర్ల పైన బ్రో అది! 22 స్టేజ్‌లు. క్యాండీ దగ్గర హంతానలో మొదలై, చుట్టు తిరిగి నువర ఎలియ దగ్గర తేలుతుంది. అనంతగిరి గుట్టల్లో మేం ఆదివారం చేసే ట్రెకింగ్ దీని ముందు ఎంత! టెంట్ తీసుకెళ్తున్నారా?

అరకు_పిల్ల
ట్రెకింగ్ కాదండీ, నడక. బ్రిటిష్ వాళ్ల కాలంలో తేయాకు మోయడానికి వేసిన బండి బాటలూ, ఎస్టేట్ రోడ్లూ కలిపి చేసిన దారి అది. సాయంత్రానికి ఏదో ఒక ఊరు వస్తుంది, పడుకోవడానికి మంచం దొరుకుతుంది. టెంట్ ఎందుకు?

వికారాబాద్_సండే
బరువు మోసుకుని రోజుల తరబడి నడిస్తే ట్రెకింగే. మంచం మీద పడుకున్నంత మాత్రాన పేరు మారదు.

అరకు_పిల్ల
సరే, మీ ఇష్టం. పేరు కంటే ముఖ్యమైనది ఒకటుంది. గది బుక్ చేసేటప్పుడు దాని ఓనరు ఎవరో అడగండి. మా అరకులో చూశా. బోర్డు మీద 'గిరిజన హోమ్‌స్టే' అని ఉంటుంది, యజమాని వైజాగ్‌లో ఉంటాడు, ఊరి పిల్లకి అంట్లు తోమే పని. ఆ దారిలో ఉండేవాళ్లు చాలామంది మలయక తమిళులు. తాతల కాలంలో తమిళనాడు నుంచి కూలికి తీసుకెళ్లారు, 1948 చట్టంతో లక్షల మంది పౌరసత్వం పోయింది. ఇప్పటికీ చాలామందికి లైన్ రూములే (కూలీల కోసం వరసగా కట్టిన ఇరుకు గదులు) ఇళ్లు. ఆకు కోస్తున్న ఆవిడ మొహం మీద కెమెరా పెట్టకండి. 'వణక్కం' అనండి, ఊళ్లో ఉన్న చిన్న కొట్లోనే టీ తాగండి, గైడ్‌ని ఆ ఊరి నుంచే పెట్టుకోండి.

డికాషన్
రెండో స్టేజ్ లూలకందర ఎస్టేట్ దాకా. జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ ఆయన 1867లో 19 ఎకరాల్లో తేయాకు తోట మొదలుపెట్టిన చోటు. ఆ తర్వాత కాఫీ తోటల్ని తుప్పు తెగులు తినేసింది, అందరూ తేయాకుకి మారారు. ఇది తెలియకుండా అక్కడ సెల్ఫీ దిగితే ఏం లాభం?

వికారాబాద్_సండే
శ్రీలంకలో తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారని విన్నా. ఈ తోటల్లోనేనా?

అరకు_పిల్ల
కాదు. వాళ్లు అహికుంటకలు, పాములాడించేవాళ్లు. వాళ్ల ఊళ్లు కింద మైదానాల్లో.

రూట్‌ఫైల్
ఫైల్ పేరు?

బోడుప్పల్_బాటసారి
అబ్బా, చూశా. చివర డాట్ జీపీఎక్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అని ఉంది. అది ముఖ్యమా?

రూట్‌ఫైల్
అదే తేడా. ఫైల్స్ యాప్‌లో దాని మీద నొక్కి పట్టుకుని రీనేమ్. డాట్ ఎక్స్‌ఎంఎల్ తీసేయండి. తర్వాత షేర్ నొక్కి ఆర్గానిక్ మ్యాప్స్ ఎంచుకోండి. శ్రీలంక మ్యాప్ ఇంట్లో వైఫై మీదే దించుకోండి, గీత ఒక్కటి కనిపిస్తే సరిపోదు. ఏ నెలలో వెళ్తున్నారు?

బోడుప్పల్_బాటసారి
జులై. మొదటి స్టేజ్ నుంచి వరసగా ఐదు. నాన్నగారు కూడా వస్తున్నారు, 66 ఏళ్లు. రోజూ ఇందిరా పార్కులో నాలుగు రౌండ్లు వేస్తారు.

అరకు_పిల్ల
నాన్నగారి సంగతి ముందు చెప్పాలి కదండీ! జులైలో నైరుతి వానలు పశ్చిమ వాలు మీదే పడతాయి. మీ ఐదు స్టేజ్‌లూ అటే. బురద, జలగలు. జలగ సాక్సు నేతలోంచి కూడా దూరుతుంది, పట్టినట్టు తెలియదు, బూటు విప్పితే మడమ దగ్గర తడిగా ఎర్రగా ఉంటుంది. అదే నెలలో కొండ దాటి తూర్పున ఊవా ప్రాంతం వైపు వెళ్తే పొడిగాలి. హపుతలే, ఎల్ల అటే ఉన్నాయి. ఒకటో నంబరు నుంచే మొదలుపెట్టాలని రూలేం లేదు. సగటున ఒక్కో స్టేజ్ 13, 14 కిలోమీటర్లు, కొన్ని ఇంకా ఎక్కువ. పెద్దాయన్ని రోజు విడిచి రోజు నడిపించండి, మిగతా రోజు రైలెక్కించండి.

డికాషన్
ఊవా టీకి పేరు తెచ్చేది ఆ జులై, ఆగస్టు గాలే. అమ్మాయి కరెక్టుగా చెప్పింది.

వికారాబాద్_సండే
మరి హైకింగ్ అనొచ్చా?

బోడుప్పల్_బాటసారి
ఓపెన్ అయింది!! నీలం గీత వచ్చేసింది. థ్యాంక్స్ అన్నా. ఊవా సంగతి నాన్నగారితో మాట్లాడాలి, క్యాండీలో రెండు రాత్రులకి డబ్బులు కట్టేశాం, వెనక్కి ఇవ్వరట.

డికాషన్
వచ్చేటప్పుడు బీఓపీ (బ్రోకెన్ ఆరెంజ్ పెకో టీ) ఒక పావుకిలో తెస్తారా? డబ్బులిస్తాను.

బోడుప్పల్_బాటసారి
బ్యాగులో చోటుంటే చూస్తా సార్.