చదువుకోడానికి అమెరికా యూనివర్సిటీ వాళ్ళే డబ్బులిస్తే వాళ్ళకేం లాభం అని నాన్న అడుగుతున్నాడు

మిరపచేను_పిల్ల:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, అంతా మిరపే. నేను బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనలియర్. ఈ మే నెలతో అయిపోతుంది.

2021 చలికాలంలో, నేను ఇంటర్ చదివేటప్పుడు, మా చేలోకి నల్ల తామర పురుగు వచ్చింది. అప్పటిదాకా మాకు తెలిసిన తామర పురుగు ఆకుల మీద ఉండేది. పై ముడత వచ్చేది, మందు కొడితే కొంత ఆగేది. ఇది పూలల్లో దూరింది. పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లగా పాకేవి. పూతంతా రాలిపోయింది. షాపువాళ్ళు ఏ మందు చెబితే అది కొట్టాం, కొట్టేకొద్దీ ఎక్కువైంది. సంక్రాంతి వెళ్ళాక నాన్న చెట్లు పీకించేశాడు. మా ఊళ్ళో చాలామంది పీకేశారు. నేను అగ్రికల్చర్‌లో చేరింది ఆ పురుగు వల్లే.

రెండో ఏడు నుంచి లాం ఫారంలో (గుంటూరు దగ్గర వ్యవసాయ పరిశోధన కేంద్రం) ఒక సార్ దగ్గర దాని మీదే పనిచేస్తున్నా. చేలల్లో నీలం జిగురు అట్టలు కట్టడం, పూలు కోసి ఆల్కహాల్ సీసాల్లో వేయడం, మైక్రోస్కోపు కింద పెట్టి పాతవెన్ని, కొత్తవెన్ని లెక్కబెట్టడం. మందు బాగా ఎక్కువ కొట్టిన చేలల్లో, చెడ్డ పురుగుల్ని తినే అక్షింతల పురుగులు దాదాపు కనపడలేదు, తామర పురుగు మాత్రం దండిగా ఉంది. ఎందుకు, ఎంత అన్నది ఇంకా తేలాలి. ఆ లెక్కలన్నీ నా నోటుబుక్కుల్లో ఉన్నాయి.

అమెరికాలో దక్షిణాది రాష్ట్రంలో ఒక ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలో ఈ పురుగు మీద పనిచేసే ప్రొఫెసర్‌కి, సార్ చెప్పారని, మెయిల్ రాశా. ఆయన వీడియో కాల్‌లో మాట్లాడారు, తర్వాత అప్లై చేయమన్నారు. పోయిన వారం లెటర్ వచ్చింది. ఎంటమాలజీలో (కీటకాల శాస్త్రం) ఎంఎస్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూ ప్రొఫెసర్ దగ్గర చేసే జీతం పని), వారానికి 20 గంటల పని, 12 నెలలకి 24,000 డాలర్లు, ట్యూషన్ మాఫీ, ఆరోగ్య బీమా. కింద ఒక లైను: 'స్టూడెంట్ ఫీజులు విద్యార్థే చెల్లించుకోవాలి'. ఏప్రిల్ 15 లోపు ఏదో ఒకటి చెప్పాలి.

ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. మా బాబాయి కొడుకు 40 లక్షలు లోను పెట్టి కంప్యూటర్స్‌లో ఎంఎస్‌కి వెళ్ళాడు. అమెరికా చదువంటే మా వాళ్ళందరికీ అదే లెక్క. బ్రాడీపేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే 'ఎంఎస్‌కి ఫండింగ్ ఉండదమ్మా, ఇదేదో మోసం, మేం వేరే యూనివర్సిటీ చూపిస్తాం' అన్నారు. అమ్మ బ్యాంకు ఏఎఫ్‌ఓ (వ్యవసాయ రుణాలు చూసే ఆఫీసరు) పరీక్ష రాయమంటోంది. నాన్న మాత్రం ఒకటే అడుగుతున్నాడు: 'చదువు చెప్పేది వాళ్ళే, డబ్బులిచ్చేది వాళ్ళే అయితే వాళ్ళకేంటి లాభం?' కౌలు కాగితం చదివినట్టు ఆ లెటరు నా చేత లైను లైనూ చదివించుకున్నాడు. ఆయనకి జవాబు చెప్పలేకపోతున్నా. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

బెజవాడ_కీటకాలక్క:

చెల్లెమ్మా, మాది విజయవాడ కృష్ణలంక. నేను కూడా అసిస్టెంట్‌షిప్ మీదే వచ్చి ఎంఎస్ చేసి, ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నా. ఎంతిస్తారని నన్ను చాలామంది అడిగారు. ఎందుకిస్తారని అడిగింది మీ నాన్నగారే. ఆయనకి ఈ జవాబు చదివి వినిపించు.

వాళ్ళకి లాభం ఉంది. మీ చేను పాడుచేసిన పురుగే 2020లో ఫ్లోరిడాలో బయటపడింది. మొదట గ్రీన్‌హౌసుల్లో అలంకరణ మొక్కల మీద, తర్వాత పొలాల్లో మిరప జాతి పంటల మీద. అక్కడి రైతులూ యూనివర్సిటీ మీద పడ్డారు, ఏదో ఒకటి చెప్పండని. ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలు పుట్టింది ఈ పనికే. 1862 చట్టంతో ఆ కాలేజీలు వచ్చాయి, 1887 చట్టంతో వాటికి అనుబంధంగా మన లాం ఫారం లాంటి ప్రయోగ క్షేత్రాలు వచ్చాయి. రైతుకి సమస్య వస్తే ప్రొఫెసర్ ప్రాజెక్టు రాసి వ్యవసాయ శాఖ నుంచో, రాష్ట్రం నుంచో, రైతుల సంఘాల నుంచో గ్రాంటు తెచ్చుకుంటారు. ఆ గ్రాంటులో విద్యార్థి జీతం, ట్యూషన్ ఒక పద్దుగా ముందే రాసుంటుంది. ఆ పద్దు కింద నిన్ను తీసుకుంటున్నారు. నువ్వు చేసే పనికి అది కూలి. ఎండలో తిరుగుతావు, పూలు కోస్తావు, లెక్కబెడతావు, వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టులో నీ లెక్కలుంటాయి. దానితోపాటు నీకు డిగ్రీ వస్తుంది. ఈ పురుగుని మిరప పూలలో రెండు మూడేళ్ళుగా లెక్కబెడుతున్న పిల్ల దొరకడం ఆయనకి ఎంత కలిసొచ్చే విషయమో నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పు.

కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పింది కంప్యూటర్స్ ఎంఎస్‌కి చాలావరకు నిజం. అక్కడ ఎంఎస్ అంటే ఎక్కువగా కోర్సులు చదివి వెళ్ళిపోవడం, అందుకే ఫీజు మనం కట్టాలి. ఎంటమాలజీ, ప్లాంట్ పాథాలజీ, అగ్రానమీ లాంటివాటిలో ఎంఎస్‌కి థీసిస్ ఉంటుంది, ప్రొఫెసర్ డబ్బు చూపించి తీసుకోవడం మామూలే. చాలా కన్సల్టెన్సీలకి విద్యార్థిని చేర్పించినందుకు యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది. నువ్వు సొంతంగా తెచ్చుకున్న సీటులో వాళ్ళకి ఏమీ రాదు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని వాళ్ళ మాట విను.

ఇక లెటరు. 12 నెలలకి అని ఉంది, అది చాలా మంచిది. కొన్నిచోట్ల 9 నెలలకే ఇస్తారు, వేసవిలో చేతిలో ఏమీ ఉండదు. కింద లైను మాత్రం తేలిగ్గా తీసుకోకు. ట్యూషన్ వేరు, స్టూడెంట్ ఫీజులు వేరు. సెమిస్టరుకి ఆ ఫీజులెంతో, జీతంలోంచి నెలనెలా కోస్తారో ఒకేసారి కట్టాలో డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి రాసి అడుగు. బీమా ప్రీమియం పూర్తిగా వాళ్ళే కడతారా, నీ వాటా ఉందా అన్నదీ అడుగు.

ప్రొఫెసర్‌ని ఇంకో మాట సూటిగా అడగాలి. గ్రాంటు మంజూరై చేతికి వచ్చిందా, ఇంకా రావాలా? వచ్చుంటే ఎప్పటిదాకా ఉంది? మధ్యలో ఆగితే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ చూపిస్తారా? 2025లో ఫెడరల్ గ్రాంట్లు ఆగిపోయి కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించాయి, కొన్నిచోట్ల ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఇది అడగడం అమర్యాద కాదు, ఆయనే చెప్పాలి. తర్వాత ఆయన ల్యాబులో ఇప్పుడున్న విద్యార్థులతో, ఆయన లేకుండా, విడిగా మాట్లాడు. జీతం టైముకి పడుతుందా, మెయిల్‌కి జవాబిస్తారా, ఆయన దగ్గర చదివినవాళ్ళు ఎన్నాళ్ళకి డిగ్రీతో బయటపడ్డారు, ఇవన్నీ వాళ్ళే చెబుతారు. నాకైతే జీతం కంటే ఇది ముఖ్యం. రెండేళ్ళపాటు నీ బతుకు ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. నేను ఎంఎస్ చేసిన ల్యాబులో ప్రతి శుక్రవారం మా ప్రొఫెసర్ నా పక్కన కూర్చుని స్లైడ్లు చూసేవారు. పరాయి ఊళ్ళో నేను నిలబడ్డానంటే అందుకే.

ఏప్రిల్ 15 విషయం. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ళ కౌన్సిల్‌లో చాలా యూనివర్సిటీలు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాయి. ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. అందాకా ఆలోచించుకునే హక్కు నీది.

చేతి ఖర్చు లేకుండా అవదు. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185 డాలర్లు, విమానం టికెట్టు. కొత్త రుసుముల మాట కూడా వినపడుతోంది, కట్టేముందు కాన్సులేట్ పేజీ చూసుకో. ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో. సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు, అదీ చూసుకో. దిగగానే గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె ఉంటాయి, మొదటి జీతం మాత్రం వెంటనే రాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు (జీతం, పన్ను లెక్కలకి అక్కడి ప్రభుత్వం ఇచ్చేది), బ్యాంకు ఖాతా అన్నీ అయ్యేసరికి నెల దాటొచ్చు. ఆ మధ్యలో బతకడానికి డబ్బు ఇంటి దగ్గరనుంచే తెచ్చుకోవాలి. పన్ను లెక్కలో మనకి ఒక మేలుంది. ఇండియాతో ఉన్న ఒప్పందం వల్ల స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే మొత్తం) మన విద్యార్థులకీ వర్తిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు వదులుకోకు.

లోను లేకుండా వెళ్ళడమంటే ఏంటో మీ వాళ్ళకి ఇంకోలా చెప్పు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ (అక్కడ ఉద్యోగం చేసుకునే వీసా) దరఖాస్తుల్లో చాలావాటికి లక్ష డాలర్ల రుసుమని ప్రకటించారు. 40 లక్షల అప్పున్నవాళ్ళకి అక్కడ ఉద్యోగం రాకపోతే ఇంటికి రావడమూ కష్టమే. నీకు ఆ బరువు ఉండదు. డిగ్రీ చేతికొచ్చాక లాం రావాలనిపిస్తే వచ్చేయొచ్చు.

ఆ నోటుబుక్కుల సంగతి. జులైలో బయల్దేరేలోగా ఆ లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, సార్‌తో కూర్చుని పేపరు రాతప్రతి తయారుచేయి. వెళ్ళాక మొదటి సెమిస్టరులో నీకు ఊపిరాడదు.

పూసా_హాస్టల్:

మాది తెనాలి. నేను ఢిల్లీ పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్‌ఐలో ఎంఎస్సీ ఎంటమాలజీ. అక్క చెప్పినవన్నీ సరైనవే, కానీ ఫండింగ్ అంటే అమెరికాయే అన్నట్టు అవుతోంది కాబట్టి ఒక మాట.

ఇక్కడా డబ్బిచ్చి చదివిస్తారు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే జేఆర్‌ఎఫ్ అనే స్కాలర్‌షిప్ నెలకి 12,640 రూపాయలు. నేను దాని మీదే చదువుతున్నా, ఇంట్లో ఒక్క రూపాయి అడగలేదు. అమెరికా జీతంతో పోల్చొద్దు, ఇక్కడ హాస్టల్ ఖర్చుతో పోల్చండి. తామర పురుగుల గుర్తింపులో పేరున్న సంస్థ బెంగళూరులోనే ఉంది, ఐకార్ వాళ్ళ ఎన్‌బీఏఐఆర్ (జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ). ఈ పురుగుని మన దేశంలో మొదట చూసింది కూడా బెంగళూరులోనే, బొప్పాయి మీద, 2015లో. పంట మనది, రైతులు మనవాళ్ళు, ఏటా కొత్తగా వచ్చే సమస్య కూడా ఇక్కడే. దీని మీద పట్టున్న పిల్లలందరూ బయటికి వెళ్ళిపోతే వచ్చే సీజన్‌లో లాంలో జిగురు అట్టలు కట్టేదెవరు? నిన్ను ఆపాలని కాదు చెల్లీ. ఈ పరీక్ష కూడా రాసి, రెండూ చేతిలో పెట్టుకుని తేల్చుకో.

ఏఎఫ్‌ఓ_నరసరావుపేట:

అమ్మగారి భయం తీరడానికి: ఏఎఫ్‌ఓ పరీక్షకి వయసు 20 నుంచి 30. అమ్మాయికి 21, 22 ఉంటాయనుకుంటా. రెండేళ్ళు చదివొచ్చినా ఇంకా చాలా టైముంటుంది. నేను ఈ ఉద్యోగంలోనే ఉన్నాను, మంచి ఉద్యోగం, పంట రుణాలు రాస్తూ రోజూ రైతుల మధ్యే ఉంటాను. కానీ నల్ల తామర వచ్చిన ఏడాది మా బ్రాంచికి వచ్చిన మిరప రైతులకి రుణం రీషెడ్యూలు తప్ప నేనేమీ చెప్పలేకపోయాను. ఆ పురుగుకి ఏం చేయాలో కనిపెట్టే అవకాశం మీ అమ్మాయికి వచ్చింది. పరీక్ష తర్వాతైనా రాయొచ్చు.

మిరపచేను_పిల్ల:

అందరికీ దణ్ణాలు. వారం పట్టింది జవాబివ్వడానికి.

ప్రొఫెసర్‌ని అడిగా. గ్రాంటు మంజూరైంది, 2028 చివరి దాకా ఉందట, ఆ కాగితం నకలు కూడా పంపారు. ఫీజులు సెమిస్టరుకి 700 డాలర్ల చిల్లర, జీతంలోంచి నెలనెలా కోసుకునే వీలుంది. ఆయన ల్యాబులో ఒక బ్రెజిల్ అమ్మాయి, ఒక నేపాల్ అబ్బాయి ఉన్నారు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడా. ఇద్దరూ ఒకటే చెప్పారు: పని ఎక్కువ, మనిషి మంచివాడు, జీతం ఆగలేదు.

అక్క రాసింది నాన్నకి చదివి వినిపించా. 'అక్కడ కూడా మిరప రైతులకే వచ్చిందా' అని రెండుసార్లు అడిగాడు. మర్నాడు లాం తీసుకెళ్ళమన్నాడు. సార్‌తో చాలాసేపు మాట్లాడాడు, నా గురించి తక్కువ, మందుల గురించే ఎక్కువ. వచ్చేటప్పుడు బండి మీద, 'కూలికి పోతున్నావు, చదువు అదనం, సరే పో' అన్నాడు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఏఎఫ్‌ఓ వయసు సంగతి చెప్పాక కొంచెం మెత్తబడింది.

పూసా అన్నా, ఐకార్ పరీక్ష కూడా రాస్తా. నీ ప్రశ్న నాకూ ఉంది. నా తర్వాత సెకండియర్ అమ్మాయిని ఒకరిని సార్ దగ్గరికి తీసుకెళ్ళా, ఇప్పటినుంచే అట్టలు కట్టడం నేర్పిస్తున్నా.

అక్కా, ఒక్క సందేహం. ఆల్కహాల్ సీసాల్లో ఉన్న నా శాంపిళ్ళు కొన్ని తెచ్చుకోవచ్చా? అక్కడివాటితో పోల్చి చూడాలని ఉంది.

బెజవాడ_కీటకాలక్క:

సూట్‌కేసులో వద్దమ్మా. చచ్చినవైనా సరే మన జీవవనరులు దేశం దాటాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి చూసుకోవాలి. ప్రాణంతో ఉన్నవైతే అమెరికా వ్యవసాయ శాఖ పర్మిట్టు లేకుండా అసలు రానివ్వరు. మీ సార్, ఆ ప్రొఫెసర్ ఇద్దరూ సంస్థల తరఫున మాట్లాడుకుని, కాగితాల మీద చేయాల్సిన పని ఇది. కావాలంటే ఆ మెయిల్ నువ్వే మొదలుపెట్టు, ఇద్దరినీ కలిపి. మిరప విత్తనాలు కూడా వద్దు. అమ్మ చేత ఊరగాయ పెట్టించుకో, అది తెచ్చుకోవచ్చు.