సులువు తెలుగులో నోటీసులు: అవసరమా, చాదస్తమా?

అలిపిరి అక్క:
మా తమ్ముడికి 27 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది. కూడబలుక్కుని చదువుతాడు, వాక్యం చిన్నదైతే అర్థం చేసుకుంటాడు. పోయిన వారం వాడి ఫోన్‌కి ఒక ఆఫీసు మెసేజ్ వచ్చింది: "లబ్ధిదారులు నిర్ణీత గడువులోగా ధ్రువీకరణ ప్రక్రియ పూర్తిచేసుకొననియెడల చెల్లింపులు తాత్కాలికంగా నిలుపుదల చేయబడును." వాడు ఫోన్ నా చేతికిచ్చి ఊరుకున్నాడు. నేను ఇలా రాసిచ్చాను:

మీరు ఆఫీసుకు రావాలి.
ఆధార్ కార్డు తీసుకురండి.
20వ తేదీ లోపల రండి.
రాకపోతే పింఛను ఆగుతుంది.

వాడే చదువుకుని, కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, అచ్చులో ఉన్నా, ఫోన్‌లో ఉన్నా సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వమే చూడాలి. ప్రతి నోటీసుకూ ఇలాంటి రెండో రూపం తప్పనిసరి చేయాలంటాను. మీరేమంటారు?

చిత్తూరు మాస్టారు:
సర్వీసంతా తెలుగు చెప్పినవాణ్ణి. ఆ మెసేజ్ రాసినవాడిని నేనూ సమర్థించను. కానీ అమ్మా, వరసకో వాక్యం పేరిస్తే అది నోటీసు కాదు, ఒకటో తరగతి వాచకం. పైగా అసలు నోటీసులో చెల్లింపు తాత్కాలికంగానే ఆపుతామన్నారు. మీ రూపంలో ఆ సంగతే లేదు. చదివినవాడు ఇక పింఛను రాదనుకుని బెంగపెట్టుకుంటే పూచీ ఎవరిది? రెండు రూపాలుంటే రేపు కోర్టులో ఏది నిలుస్తుంది?

పుత్తూరు పిల్లోడు:
ఆడియో పెడితే పోలా?

రేణిగుంట కోడర్:
అంత సులువు కాదు బ్రో. పేజీలో తెలుగు ఉంటుంది, కోడ్‌లో మాత్రం భాష ఇంగ్లీషు అని ఉంటుంది. చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు గొంతుతో మొదలెట్టి తెలుగు మాటల్ని వదిలేసి పోతుంది. వరసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషుకు కొలిచి పెట్టినదే. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుకుంటాయి. బాగా చదివేవాళ్లకే చిరాకు, కూడబలుక్కునేవాళ్ల సంగతి చెప్పాలా!

అయినా అసలు గొడవ క్యాప్చా, అదే, లాగిన్ దగ్గర వంకర అక్షరాలు గుర్తుపట్టి కొట్టమనే పరీక్ష. వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవాళ్లకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ నియమాలున్నాయి, డబ్ల్యూసీఏజీ అంటారు. 2023 అక్టోబరులో వచ్చిన వాటి 2.2 రూపం ప్రకారం, గుర్తుపెట్టుకోవడమో పజిల్ విప్పడమో తప్ప వేరే దారి లేకుండా లాగిన్ పెట్టకూడదు. లోపలికే పోలేనప్పుడు నోటీసు ఏ భాషలో ఉంటే ఏంటి?

బడి టీచర్, తిరుపతి:
స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఆడియో కొందరికి బాగా పనిచేస్తుంది. కొందరు మూడో వాక్యం వినేసరికి మొదటిది మర్చిపోతారు, వాళ్లకు కాగితం ఎదురుగా ఉండాలి. కుప్పం, నగరి వైపు కొంతమంది పిల్లలకు ఇంట్లో తమిళం, బళ్లో తెలుగు. వాళ్లకు బొమ్మ కూడా కావాలి.

ఇంగ్లీషులో వాక్యం పొడవు, మాటల పొడవు లెక్కేసి కష్టమో సులువో చెప్పే సూత్రాలున్నాయి. మనకు "చేయించుకోలేకపోయినవాళ్లకు" అన్నదంతా ఒక్క మాటే, ఆ లెక్కలు ఇక్కడ పారవు. అందుకని చదివేవాళ్ల చేతికే ఇచ్చి చూడాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం యూరప్‌లో పనిచేసే ఇన్‌క్లూజన్ యూరప్ అనే సంస్థ నియమాల్లో కూడా ఇదే ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్లను కలుపుకోకుండా వాళ్ల కోసం రాయొద్దని.

చిత్తూరు మాస్టారు:
అందరూ మాట్లాడారు. కోర్టులో ఏది నిలుస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రేణిగుంట కోడర్:
క్యాప్చా గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

అలిపిరి అక్క:
అసలుదే నిలుస్తుందని కింద ఒక వాక్యం వేస్తే తీరిపోతుంది మాస్టారూ! "తర్వాత మళ్లీ ఇస్తారు" అని ఐదో వరస కూడా కలుపుతాను, సరేనా? మీకు కావాల్సింది అది కాదని తెలుస్తూనే ఉంది. ఒక బ్యాంకులో మావాడు సంతకం పెడతానని పెన్ను తీసుకుంటే, పెన్ను లాక్కుని వేలిముద్ర వేయించారు. వాడు పక్కనే కూర్చుని ఉండగా "ఈయనకు అర్థమవుతుందా?" అని నన్నడిగారు. మీరూ ఆ మేనేజర్ మాదిరే మాట్లాడుతున్నారు.

పుత్తూరు పిల్లోడు:
అక్కా, కొంచెం నిదానం.

చిత్తూరు మాస్టారు:
నన్ను ఆ మేనేజర్‌తో పోలుస్తారా? నా చిన్న కూతురిదీ మీ తమ్ముడి పరిస్థితే. చదవడం నేర్పింది నేనే. ఒకరోజు దాని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీకు బహుమతి వచ్చింది. ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఓటీపీ చెప్పండి." ఎంత చక్కని సులువు తెలుగో చూడండి! చదివింది, ఫోన్ చేసింది, చెప్పింది. ఆ నెల ఆరు వేల పింఛనూ పోయింది. అర్థం కాని కాగితమైతే నా దగ్గరికి తెస్తుంది. అర్థమైందనుకుంటే తేదు. నా భయం అది.

అలిపిరి అక్క:
ఈ మాట మొదట్లోనే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. డబ్బు పోయినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ మోసగాడు సులువుగా రాస్తున్నాడని ఆఫీసు కష్టంగా రాయాలా? మావాడి ఖాతాకు యూపీఐ పెట్టలేదు, ఏటీఎంలో రోజుకు ఇంతే అని పరిమితి పెట్టించాం. ఓటీపీ అడిగితే ఫోన్ కట్ చేయాలని కూడా నాలుగు వరసల్లో రాసి గోడకు అంటించాను. అదీ సులువు తెలుగే. చట్టంలో 14వ సెక్షన్ చదవండి. పరిమిత సంరక్షకత్వం అంటే సంరక్షకుడు, ఆ మనిషి కలిసి నిర్ణయం తీసుకోవడం. కాగితంలో ఏముందో తెలియకపోతే ఆ మనిషి దేంట్లో కలవాలి?

చిత్తూరు మాస్టారు:
గోడ మీద కాగితం ఫోన్ కట్ చేయదమ్మా.

బడి టీచర్, తిరుపతి:
మాస్టారూ, సులువు నోటీసు కావాలో వద్దో మీ అమ్మాయిని అడిగారా?

చిత్తూరు మాస్టారు:
అడగలేదు. కావాలనే అంటుంది. దాని డబ్బుకు కాపలా కాయాల్సింది నేను.

అలిపిరి అక్క:
కావాలంటుందని మీకే తెలుసన్నమాట.

రేణిగుంట కోడర్:
క్యాప్చాకి వేరే చర్చ మొదలుపెడుతున్నా. ఆసక్తి ఉన్నవాళ్లు అటు రండి.