దయ్యం అంటే దేవుడా? (ఒక డౌటు)

నిన్న రాత్రి కరెంటు పోయేసరికి మా ఇంట్లో దెయ్యాలున్నాయా లేవా అని ఒకటే గోల, మా బావ లేవంటే లేవంటాడు, పెద్దమ్మేమో చెరువు గట్టు మీద కళ్ళారా చూశా అంటుంది, నా బుర్ర మాత్రం ఆ పదం దగ్గరే ఆగిపోయింది (పాడు అలవాటు). టెన్త్‌లో ప్రకృతి వికృతి బట్టీ పట్టారుగా, దైవము – దయ్యము. పాత తెలుగులో దయ్యమంటే దైవమే, విధి అని కూడా. అంటే ఆ రోజుల్లో 'దయ్యం లేదు' అన్నవాణ్ణి నాస్తికుడనేవాళ్ళేమో, అదే మాట ఇవాళ మా బావ అంటే హేతువాది! ఇంతకీ దేవుడు దెయ్యం ఎలా అయ్యాడంటారు?

— నాకు తోచింది చెప్తా అండీ. సంస్కృతం మాట గుళ్ళో పీటేసుకుని కూర్చుంది, వికృతికి చోటు లేక ఊరవతల చింతచెట్టెక్కింది. తమిళంలో తెయ్వం ఇప్పటికీ దేవుడే. ఉత్తర కేరళలో తెయ్యం (దేవుడి వేషం) కట్టి ఆడేవాళ్ళకి జనం దణ్ణం పెడతారు. కన్నడంలో దెవ్వ అంటే మాత్రం మనలాగే, దెయ్యమే.

— భూతం సంగతి ఇంకా తమాషా. 'భూ' అంటే ఉండటం, అవడం. భూతం అంటే అయిపోయింది, అందుకే భూతకాలం. పంచభూతాలకీ భూతదయకీ ఎవరూ జడుసుకోరు మరి. ప్రేతం (ప్ర + ఇత) అంటే వెళ్ళిపోయినవాడు. ఒకటి 'అయిపోయింది' అంటోంది, ఇంకోటి 'పోయాడు' అంటోంది, ఇప్పుడు ఉన్నట్టు ఏ మాటా సాక్ష్యం చెప్పట్లేదు, మీ బావకి ఈ పాయింటు ఇవ్వండి.

— బావకి చెప్పా, ఎగిరి గంతేశాడు. పెద్దమ్మ ఊరుకుంటుందా, 'పోయినవాడే కదరా దెయ్యమయ్యేది' అంది. జవాబు లేదు మా దగ్గర.

— 90ల్లో దెయ్యం ఇంట్లోకి రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నాం గుర్తుందా? బెంగళూరు వైపు 'నాళె బా' (రేపు రా) అట, అంటే దెయ్యానికి కూడా లోకల్ భాషే వచ్చన్నమాట. రోజూ వచ్చి చదువుకుని 'ఓహో రేపా' అని వెళ్ళిపోవాలి, రేపు ఎప్పటికీ రేపే కాబట్టి, ఏం వ్యాకరణం అండీ అసలు! మా వీధిలో ఒకాయన దీర్ఘం మర్చిపోయి 'రెపు రా' అని రాస్తే వాళ్ళావిడ రాత్రికి రాత్రి సుద్దముక్కతో దిద్దించింది, అది 'రా' ఒక్కటే అర్థం చేసుకుంటే ఎవరిది పూచీ అని.