అప్‌డేట్: విశాఖపట్నం బురుజుపేటలోని కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం

మార్గశిర మాసపు రద్దీలో వృద్ధురాలైన మా అత్తగారిని బురుజుపేట గుడికి తీసుకువెళ్ళవచ్చునా అనీ, అమ్మవారికి ఎడమ చేయి మోచేతి దిగువన ఎందుకు ఉండదనీ ఇదివరకు మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినట్టే, రద్దీ ఎక్కువగా ఉండే గురువారాన్ని విడిచి, మామూలు రోజున తెల్లవారుజామునే వెళ్ళాము; దర్శనం ప్రశాంతంగా జరిగింది.

పైకప్పు లేని ఆ గర్భాలయంలో, ఆరుబయట కొలువైన తల్లిని కులభేదం లేకుండా ఎవరైనా స్వయంగా తాకి పూజించుకోవచ్చు కనుక, అత్తగారు తన చేతులతోనే పసుపు, కుంకుమ సమర్పించి చాలాసేపు కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు. మధ్యవర్తి లేని ఈ చనువే ఆ క్షేత్రపు గొప్పతనమని నా నమ్మకం.

ఎడమ చేయి విషయంలో అక్కడ విన్న స్థలపురాణం ఇది. కాశీకి వెళుతున్న ఒక బ్రాహ్మణుడిని అమ్మవారు తనను బావిలోంచి పైకి తీసి ప్రతిష్ఠించమని కోరగా, అతడు యాత్ర ఆగిపోతుందని నిరాకరించాడట. ఆగ్రహించిన తల్లి ఎడమ చేతిలోని పరిఘను (గద వంటి ఆయుధాన్ని) ఎత్తినప్పుడు, అతని మొర విన్న శివుడు ఆ చేతిని ఖండించి, ఆమెను శాంతింపజేసి, కలియుగంలో కనకమహాలక్ష్మిగా పూజలందుకుంటావని అనుగ్రహించాడట.

విగ్రహం 1912లో బావిలో దొరికిందనీ, 1917లో రోడ్డు వెడల్పు కోసం పక్కకు జరిపాక ప్లేగు ప్రబలడంతో తిరిగి యథాస్థానానికి చేర్చారనీ కూడా చెబుతారు.

పసిబిడ్డలను అమ్మవారి పాదాల చెంత ఉంచే ఆచారం ఉన్నందున, మా ఆడపడుచు బిడ్డను మార్గశిరం దాటిన తరువాత తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాము.