సీజీఐ పెర్ల్ స్క్రిప్టులు మాడ్‌పెర్ల్‌కి మారిస్తే రసీదులో పాత రోల్ నంబర్ వస్తోంది, సలహా కావాలి

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ ఫీజు రసీదులవి, మొత్తం 40 పెర్ల్ సీజీఐ స్క్రిప్టులు (ప్రతి రిక్వెస్టుకీ కొత్తగా మొదలయ్యే చిన్న వెబ్ ప్రోగ్రాములు). అపాచీ 2.4 వెబ్ సర్వర్, ప్రీఫోర్క్ (ఒక్కో చైల్డ్ ప్రాసెస్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూసే పద్ధతి), పెర్ల్‌ని అపాచీ లోపలే నడిపే మాడ్‌పెర్ల్ 2లో, సీజీఐ స్క్రిప్టులను నడిపే మాడ్‌పెర్ల్::రిజిస్ట్రీ కింద పెట్టాం. వేగం బాగుంది. కానీ 5 చైల్డ్ ప్రాసెస్‌లలో ఒక్కోటీ తనకు మొదట వచ్చిన రోల్ నంబరునే ప్రతి రసీదులోనూ ముద్రిస్తోంది. డబ్బు కట్టిన పిల్లల చేతికి వేరేవాళ్ల రసీదు వెళ్లకూడదు కదా, అందుకే లైవ్ ఆపేశాం.

కారణం తెలిసింది. రిజిస్ట్రీ స్క్రిప్టు మొత్తాన్నీ ఒక సబ్‌రొటీన్‌లో చుట్టి ఒక్కసారే కంపైల్ చేస్తుంది. పైన 'మై'తో (ఆ బ్లాకుకే పరిమితమైన వేరియబుల్‌గా) ప్రకటించిన $రోల్‌ని లోపలి పేరున్న సబ్ (సబ్‌రొటీన్) మొదటి విలువతోనే పట్టుకుని ఉండిపోతుంది. వార్నింగ్స్ ఆన్ చేస్తే ఎర్రర్ లాగ్‌లో 'విల్ నాట్ స్టే షేర్డ్' (ఆ వేరియబుల్ ఉమ్మడిగా ఉండదు) అని పడుతోంది. హెచ్‌టీటీపీడీ -ఎక్స్‌తో (అపాచీ డీబగ్ మోడ్) ఒకే ప్రాసెస్ నడిపితే రెండో రసీదుకే తప్పు దొరికిపోతుంది.

'మై'ని 'అవర్' (గ్లోబల్ వేరియబుల్) చేసి ప్రతి రిక్వెస్టుకీ విలువ మళ్లీ ఇస్తే సరిపోతోంది. అయితే ఒక్క చోట మరిచినా పాత విలువే మిగులుతుంది, అది నాకు భయం. సబ్‌లన్నీ విడి మాడ్యూల్‌లోకి తీసి ఆర్గ్యుమెంట్లు పంపడమే మేలా? అంతవరకు రిజిస్ట్రీ బదులు మాడ్‌పెర్ల్‌లోనే ఉన్న పెర్ల్‌రన్ మీద నడపొచ్చా? ప్రతిసారీ కంపైల్ అవుతుంది కాబట్టి ఈ తప్పు రాదు, కాస్త నెమ్మది అంతే. అపాచీ::డీబీఐ (డేటాబేస్ కనెక్షన్లను మూయకుండా మళ్లీ వాడే మాడ్యూల్) కూడా పెడితే డేటాబేస్ కనెక్షన్లు చైల్డ్‌కి ఒకటి చొప్పున తెరిచే ఉంటాయి, మ్యాక్స్‌కనెక్షన్స్‌పర్‌చైల్డ్ (ఒక చైల్డ్ ఎన్ని క్లయింట్ కనెక్షన్ల తర్వాత ముగియాలో చెప్పే అపాచీ సెట్టింగ్) ఎంత పెడుతున్నారో చెప్పండి.