అన్నం మానేస్తే షుగర్ బిళ్లల సంగతి ఏంది?

ప్రశ్న (బుచ్చిరెడ్డిపాళెం నుంచి)

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు, రైస్ మిల్లులో గుమాస్తా పని. షుగర్ ఉంది. ఈసారి మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 8.9 వచ్చింది. పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల వేసుకుంటా, రాత్రికి మెట్‌ఫార్మిన్ ఒక్కటే. మా బావమరిది అన్నం మానేశాక బాగా తగ్గిందంట, రేపట్నుంచే నన్నూ మానెయ్యమంటున్నాడు. అన్నం లేకుండా చేపల పులుసు దేంట్లో తినాలో నాకైతే తెలీడం లేదు. కొర్రలకి మారితే చాలదా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

జవాబు (కనిగిరి నుంచి)

అన్నా, ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకో, కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి మాకిది అలవాటు. అన్నం తగ్గించినోళ్లు గుడ్లు, మాంసం పెంచేస్తారు. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

జవాబు (కావలి నుంచి)

తమ్ముడూ, రేపట్నుంచి వద్దు. డాక్టరుని కలిశాక మొదలుపెట్టు. ఎందుకో చెప్తా.

మా ఆయనకి అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. ఆయన వేసుకునేదీ నీ బిళ్లే. ఒకరోజు పొద్దున ఎప్పట్లాగే బిళ్ల వేసుకుని, మధ్యాహ్నం అన్నం ముట్టకుండా వేపుడు చేప, చిక్కుడుకాయ కూర తిని గుంటల కాడికి పోయాడు. సాయంత్రానికి చేతులు వణుకు, చొక్కా చెమటతో తడిసి ముద్ద. పిలిస్తే పలకడు, పలికినా మాట తడబడుతుంది. కాపలా అబ్బాయి బుద్ధిమంతుడు కాబట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాడు. మీటర్‌లో 54. పావుగంటాగి మళ్లీ చూస్తే 80 దాటింది. 70 కంటే తగ్గిందంటే ప్రమాదంలో పడ్డట్టే. మనిషి మింగలేని స్థితిలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

గ్లిమిపిరైడ్ నువ్వు అన్నం తిన్నావా లేదా అని చూడదు, క్లోమం నుంచి ఇన్సులిన్ వదిలిస్తానే ఉంటది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇట్లా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లకైతే ఇంకా ప్రమాదం. మా డాక్టరు గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించాకే అన్నం తగ్గించమన్నారు. నీకు ఎంత తగ్గించాలో మీ డాక్టరు చెప్పాలి, నీ అంతట నువ్వు మాత్రం బిళ్ల మానొద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లెవరన్నా ఇది చదువుతుంటే, వాటి మీద ఉండి అన్నం బాగా తగ్గిస్తే మీటర్‌లో షుగర్ మామూలుగానే కనపడతా రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. వాంతులు, ఆయాసం వస్తే ఆలస్యం చెయ్యొద్దు.

ఇంక తిండి. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటది. మన కంచాల్లో పడేది అంతకు మూడింతలు. మా ఇంట్లో ఒక్కసారిగా మానలేదు, ముందు గరిటె చిన్నది చేశా. పులుసులోకి క్యాబేజీ సన్నగా తరిగి పొడిపొడిగా వేయించి పెడతా. మామిడికాయ వేసిన కొరమేను పులుసు రాత్రి చేసి, మర్నాడు దీంట్లో కలుపుకుంటే కంచంలో ఏమీ మిగలదు. చేపలో పిండిపదార్థం లేదు, పులుసులో చింతపండుదే కొంచెం. సొరకాయ, బీరకాయ, గోరుచిక్కుడు ఎంతైనా తిను. పొద్దున ఇడ్లీ బదులు రెండు గుడ్లు, లేదంటే పెసరట్టు, ఉప్మా లేకుండా.

తిన్న రెండు గంటలకి మీటర్ పెట్టు. ఏ కూరకి ఎంత పెరిగిందో నీ ఒంటికి నువ్వే చూసుకోవాలి. మామూలుగా 180 లోపు ఉండాలంటారు.

బుచ్చిరెడ్డిపాళెం

అక్కా, చాలా థ్యాంక్స్. బిళ్ల సంగతి మా బావమరిది ఒక్కమాట కూడా చెప్పలేదు. మరి కొర్రలు?

కావలి

మీ బావమరిది బిళ్లలు వేరై ఉంటాయి, అడుగు. కొర్రల్లో పీచు ఎక్కువ, షుగర్ కొంచెం నిదానంగా ఎక్కుతుంది, అది నిజమే. అయినా వండని కొర్రబియ్యం 100 గ్రాముల్లో 60 గ్రాములకి పైనే పిండిపదార్థం. కొర్రలే కదా అని గిన్నెడు తింటే అన్నం తిన్నట్టే లెక్క. రాగిసంగటి కూడా అంతే. ఒక గరిటె అయితే పర్లేదు.

కనిగిరి

అక్క చెప్పింది కరెక్టు. మా ఊళ్లో సజ్జరొట్టె మంచిదని నాలుగేసి తినేవాళ్లున్నారు, షుగర్ దిగనే దిగదు.

బుచ్చిరెడ్డిపాళెం

సోమవారం డాక్టరు దగ్గరికి పోతున్నా, క్రియాటినిన్ కూడా రాయించుకుంటా. అక్కా, ఆ క్యాబేజీ మా ఇంట్లో చేస్తే మెత్తగా అయిపోతుంది. ఎట్లా చెయ్యాలి?

కావలి

తరిగాక కాసేపు గుడ్డ మీద ఆరబెట్టు. బాండలి బాగా కాగినాక ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి, పెద్ద మంట మీద తిప్పతా వేయించమను. మూత పెట్టొద్దు, నీళ్లు చల్లొద్దు. ఉప్పు దించేటప్పుడే.